దోమతెర, షార్ట్‌వేవ్, ఆరు వారాల జవాబు

ఫోన్లు లేని రోజుల్లో వాలంటీరుగా పరాయి దేశం వెళ్లడమంటే రెండేళ్లపాటు ఇంటివాళ్ల గొంతు వినకుండా ఉండటమే. ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు, జవాబు రావడానికి మరో రెండు మూడు వారాలు. ఈలోపు జ్వరం వచ్చి తగ్గిపోయేది, పొరుగువాళ్లతో పేచీ వచ్చి సర్దుకుపోయేది, వానాకాలం మొదలయ్యేది. అలా పనిచేసి వచ్చినవాళ్లు ఇవాళ నలుగురు కలిసినా ముందు దొర్లేది చేసిన గొప్ప పనుల ప్రస్తావన కాదు. నీళ్లు ఎలా కాచుకునేవాళ్లు, దోమతెర ఎక్కడ చిరిగేది, రేడియో ఏ గంటకి బాగా పలికేది, ఈ కబుర్లే. కొత్త నేల మీద కాలు నిలిచేది ఇలాంటి పనులు చేతికి అలవాటైనప్పుడే. అవన్నీ చాలావరకు నోటిమాటగా ఒకరి నుంచి ఒకరికి అందినవే కాబట్టి, మరుగున పడకముందే రాసి పెట్టాలనిపించింది.

ఈ దారికి ఆద్యుడు స్విట్జర్లాండ్ ఇంజినీరు పియర్ సెరెసోల్. మొదటి ప్రపంచయుద్ధంలో నేలమట్టమైన ఒక ఊరిని తిరిగి కట్టడానికి 1920లో ఆయన ఫ్రాన్సులోని వెర్దున్ దగ్గర వేర్వేరు దేశాలవాళ్లని, నిన్నటిదాకా శత్రువులైన జర్మన్లతో సహా, ఒకచోట చేర్చాడు. 1934 బిహార్ భూకంపం తర్వాత మన దేశానికీ వచ్చి పనిచేశాడు. ఆ తర్వాత 1958లో బ్రిటన్‌లో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ దంపతులు వాలంటీర్లని విదేశాలకి పంపే వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) సంస్థని స్థాపించారు. 1961లో అమెరికా పీస్ కోర్, 1965లో జపాన్ వాలంటీర్ల పథకం, 1970లో ఐక్యరాజ్యసమితి తీర్మానంతో యూఎన్ వాలంటీర్ల కార్యక్రమం వచ్చాయి. పీస్ కోర్ తొలి బృందం 1961 ఆగస్టు 30న ఘనా రాజధాని అక్రాలో దిగి, విమానాశ్రయంలోనే అక్కడి ట్వీ భాషలో పాట పాడింది. పాట నేర్చుకుని దిగడం మంచి మర్యాద. మర్నాటి నుంచి కావలసింది మాత్రం బావి ఎటుందో, తాడు ఎవరిదో అడగగలిగేంత భాష.

పీస్ కోర్ లెక్క 27 నెలలు: 3 నెలల శిక్షణ, 2 ఏళ్ల పని. శిక్షణ రోజుల్లో స్థానిక కుటుంబంతో ఉంచే పద్ధతి చాలాచోట్ల ఉంది. అంతకంటే మంచి బడి లేదు. అయితే ఆ ఇంట్లో మొదటి పది రోజులూ అతిథి మర్యాదే నడుస్తుంది, పని ముట్టుకోనివ్వరు. ఏదో ఒక పని, నీళ్లు తేవడమో వాకిలి ఊడవడమో, పట్టుబట్టి తీసుకుని రోజూ అదే వేళకి చేయాలి. ఆ పనితోనే ఇంట్లో మనిషిగా లెక్కలోకి వస్తారు.

ఇక నీళ్లు. కడుపు చెడి తొలి నెలలోనే డీలా పడిపోయేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. మడ్డి నీళ్లయితే రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని నాలుగు మడతల గుడ్డలోంచి వడకట్టి అప్పుడు కాచాలి. బుడగలు ఆగకుండా తెర్లుతున్నప్పటి నుంచి 1 నిమిషం చాలు. 2000 మీటర్లకు పైన ఉన్న ఊళ్లలో 3 నిమిషాలు, ఎందుకంటే ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. అరగంట కాచి కట్టెలు, కిరసనాయిలు తగలేయనక్కర్లేదు. కాచిన నీళ్లు చప్పగా ఉంటాయన్న విసుగుతో మానేసేవాళ్లుంటారు. చల్లారాక శుభ్రమైన రెండు గిన్నెల మధ్య నాలుగైదు సార్లు తిరగబోస్తే గాలి కలిసి రుచి తిరిగొస్తుంది.

క్యాండిల్ ఫిల్టర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. నీళ్లు చుక్క చుక్కగా మందగిస్తే క్యాండిల్ మూసుకుపోయిందని అర్థం. దాన్ని విప్పి, శుభ్రమైన నీళ్లలో మెత్తటి బ్రష్‌తో రుద్దాలి. సబ్బు పెడితే సన్నటి రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. అదే నీళ్లు ఉన్నట్టుండి ధారగా దిగడం మొదలైతే మాత్రం సంబరపడకూడదు. క్యాండిల్‌కి వెంట్రుకవాసి పగులు వచ్చి ఉంటుంది, లేదా అడుగున వాషర్ వదులైపోయి ఉంటుంది. అప్పుడు కిందికి దిగేది వడగట్టని నీరే.

కాచడానికి వీల్లేని చోట ద్రవరూపంలో దొరికే క్లోరిన్ బ్లీచ్. సువాసన కలపనిది, 5 నుంచి 6 శాతం గాఢత ఉన్నది అయితే లీటరుకు 2 చుక్కలు, మురికిగా ఉంటే 4. కలిపి 30 నిమిషాలు ఆగాలి. చివర్లో క్లోరిన్ వాసన కొంచెం తగలాలి. అసలే లేకపోతే ఇంకోసారి అంతే వేసి మరో 15 నిమిషాలు చూడాలి. బ్లీచ్ పాతబడేకొద్దీ బలం తగ్గిపోతుంది, అందుకని సీసా మీద కొన్న తేదీ రాసి పెట్టుకునేవాళ్లు. ఇంత చేసీ దెబ్బతినేది నిలవ దగ్గర. వెడల్పు మూతి పాత్రలో గ్లాసుతో పాటు వేళ్లూ మునుగుతాయి. సన్న మూతిదో కుళాయి బిగించినదో కావాలి. పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే వాడాలి.

విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరకని చోట, 1 లీటరు మంచినీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీస్పూను, అదీ కత్తితో పైన సమంగా గీసి కొలిచినది. గోపురంలా నింపితే ఉప్పు ఎక్కువై మేలు పోయి కీడు జరుగుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

దోమతెర కట్టడంలో అందరూ పైన నాలుగు మూలలు చూసుకుంటారు, అసలు కిటుకు కింద ఉంది. అంచు పరుపు కిందికి జానెడు లోతున దోపాలి, నేల మీద జీరాడేలా వదిలేయకూడదు. నిద్రలో మోచెయ్యి తెరకి ఆనితే దోమ బయటి నుంచే కుడుతుంది, అందుకే ఇరుకు తెర పనికిరాదు. పడుకునేముందు టార్చి వేసి లోపల ఒక చుట్టు చూడాలి. లోపలే ఉండిపోయిన ఒక్క దోమ చాలు. మందు పట్టించిన తెరలు సుమారు 20 ఉతుకుల వరకూ, మూడేళ్ల వరకూ పనిచేస్తాయి. ఉతికాక నీడలో ఆరేయాలి, ఎండ ఆ మందుని చంపేస్తుంది. మలేరియా దోమ సంజె నుంచి తెల్లవారే దాకా కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి కునుకూ తెర కిందే.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రల సంగతి మరీ ముఖ్యం. వారానికొకటి వేసుకునే మెఫ్లోక్విన్ చాలామందికి భయంకరమైన కలలు తెప్పించేది. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నరాలకి, మనసుకి సంబంధించి దాని మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. కలలు పాడవుతుంటే ఓర్చుకోవడం ధైర్యమనుకోకుండా డాక్టరుకి చెప్పి మందు మార్పించుకోవాలి. డాక్సీసైక్లిన్ రోజూ వేసుకునేది. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంటైనా నడుం వాల్చకూడదు, లేకపోతే గొంతు కింద నిలిచి పుండు చేస్తుంది. దానివల్ల ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా. ఈ రెండూ మలేరియా ప్రాంతం వదిలాక ఇంకా 4 వారాలు వేసుకోవాలి. విమానం ఎక్కగానే డబ్బా పారేసి, ఇంటికొచ్చాక వణికిపోయినవాళ్ల కథలు వాలంటీర్ల మధ్య బాగా తిరిగేవి.

కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు గడియారం చూసి మరీ కడిగి, ఆ రోజే టీకాకి బయల్దేరాలి. ముందుగా టీకా వేయించుకున్నవాళ్లకీ మళ్లీ డోసులు తప్పవు.

ఆఫ్రికాలో సహారా ఎడారికి దిగువన పనిచేసిన వాళ్లనడిగితే బట్టల దగ్గర ఒక జాగ్రత్త చెబుతారు. అక్కడి టుంబు ఈగ తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్ట కట్టుకుంటే పొదిగిన పురుగు చర్మంలోకి దూరి, నడుమ చిన్న రంధ్రంతో సెగగడ్డలాంటి వాపు తెస్తుంది. దానికి విరుగుడు ఇస్త్రీ. అదీ లోబట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లతో సహా. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కాబట్టి నిప్పులు పైకి తెల్లగా నివురుగట్టేదాకా ఆగి, పెట్టెని రెండు మూడు సార్లు గాలిలో ఊపి బూడిద దులిపి, అడుగుని తడిగుడ్డ మీద ఒకసారి రాసి అప్పుడు మొదలుపెట్టేవాళ్లు. చొక్కా వీపంతా చకచకా తోసేయవచ్చు. ఆగాల్సింది కుట్ల దగ్గర: కాలరు మడత, చంక కుట్టు, నడుము పట్టీ. గుడ్డ మందంగా ఉండి వేడి లోపలికి చేరడానికి సమయం పట్టేది అక్కడే, గుడ్లు మిగిలిపోయేదీ అక్కడే. ఒకవైపు చేసి తిప్పి రెండోవైపూ చేయాలి. ఒకవేళ గడ్డ వచ్చేస్తే పచ్చిగా ఉండగా పిండకూడదు. రంధ్రం మీద వాజలీను దట్టంగా పూస్తే గాలాడక పురుగు పైకి వస్తుంది, అప్పుడు సులువుగా తీయవచ్చు.

సాయంత్రం ఆరు దాటితే ఆ జీవితానికి వేరే రంగు వచ్చేది. లాంతరు చిమ్నీ తుడిచి, వత్తి మూలలు కొంచెం కత్తిరించి వెలిగించేవాళ్లు. మూలలు కత్తిరించకపోతే మంట కొమ్ములు లేచి గాజుకి మసి పడుతుంది. ఆ వెలుతురులో షార్ట్‌వేవ్ రేడియో. పగలు 19 మీటర్లు, 16 మీటర్ల బ్యాండ్లలో పలికే స్టేషన్లు చీకటి పడేసరికి చప్పబడిపోయేవి, అప్పుడు ముల్లుని 49 మీటర్ల వైపు తిప్పాలి. ఎండ ఉన్నంతసేపు, ఆకాశంలో చాలా ఎత్తున రేడియో తరంగాలని తిప్పికొట్టే అయానోస్ఫియర్‌లోని అడుగు పొర, 49 మీటర్ల లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది. పొద్దు గుంకాక ఆ పొర పలచబడి, అవే తరంగాలు పై పొరలకి తగిలి వేల మైళ్లు దాటి వస్తాయి. రేడియో యాంటెన్నాకి ఏడెనిమిది మీటర్ల రాగి తీగ చుట్టి కిటికీలోంచి చెట్టు కొమ్మకి కడితే గొంతు రెట్టింపు స్పష్టంగా వినిపించేది. ఉరుములు మొదలవగానే తీగ విప్పేయడం మరిచిపోకూడదు. నెలల తరబడి రేడియో వాడకపోతే సెల్స్ తీసేయాలి, కారితే లోపలి స్ప్రింగులు తుప్పుపట్టి సెట్టు పాడవుతుంది.

1932లో మొదలైన బీబీసీ విదేశీ ప్రసారాలు గంట కొట్టగానే వార్తలు చెప్పేవి. వాయిస్ ఆఫ్ అమెరికా 1959 నుంచి సుమారు 1500 మాటల పదకోశంతో, నెమ్మదిగా చదివే ఇంగ్లీషు కార్యక్రమం నడిపింది. బడిలో ఇంగ్లీషు చెప్పే వాలంటీర్లకి అది వరం. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని వినిపించేవాళ్లు. రేడియో ఉన్న ఇంటి అరుగు ఊరికి కూడలి అయ్యేది, మాట కలిసేది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒంటరిగా వినేవాళ్లకి వార్తలు అందాయి గానీ ఊరు అందలేదు.

ఇంక ఉత్తరాలు. ఏరోగ్రామ్ అంటే నీలం రంగు పలచటి కాగితం, మూడు మడతలు, అంచుకి జిగురు, లోపల ఏమీ పెట్టకూడదు. ఉత్తరాలు రాసిన వరసలో చేరేవి కావు కాబట్టి ప్రతిదాని మీదా కుడివైపు పైన అంకె వేసి, పంపిన తేదీ ఒక పుస్తకంలో రాసుకునేవాళ్లు. ఏడోది చేరి ఆరోది రాకపోతే ఏది పోయిందో అవతలివాళ్లకి తెలిసేది. పోస్టాఫీసులోనే దాచిపెట్టే పోస్ట్ రెస్టాంట్ పద్ధతిలో తెప్పించుకునేవాళ్లు ఇంటిపేరుని పెద్ద అక్షరాల్లో రాసి కింద గీత గీయమనేవాళ్లు. లేకపోతే గుమాస్తా పిలిచే పేరు కింద సర్దేస్తాడు. ఉత్తరం లేదన్నప్పుడు రెండో పేరు అరలోనూ ఒకసారి చూడమని అడగాలి.

ఆ ఉత్తరాల్లో అందరూ పాటించిన కట్టుబాటు ఒకటుంది. కోపంలోనో బెంగలోనో రాసింది వెంటనే పోస్టు చేయకూడదు, మూడు రోజులు దిండు కింద ఉంచాలి. ‘ఇక్కడ ఉండలేను’ అని రాసి పంపితే అది మూడు వారాలకి ఇంటికి చేరి వాళ్ల నిద్ర చెడగొడుతుంది. వాళ్ల కంగారు మరో మూడు వారాలకి తిరిగొస్తుంది. అప్పటికి మనం ఎవరి పెళ్లిలోనో పందిరి వేస్తూ ఉంటాం. మూడు రోజులాగి చదువుకుంటే సగం ఉత్తరాలు చించేసేవే. ఇవాళ ఆ మూడు రోజులు లేవు. దిగులు పుట్టిన నిమిషంలోనే ఇంటికి వీడియో కాల్ వెళ్లిపోతుంది. ఆ నిమిషానికి హాయిగానే ఉంటుంది, కానీ అదే దిగులు పాతరోజుల్లో మనిషిని లేపి పక్కింటి వాకిట్లోకి నడిపించేది. కొత్తగా వెళ్లేవాళ్లు మొదటి మూడు నెలలైనా ఇంటికి వారానికి ఒకే ఫోను, అదీ ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోవడం మంచిదని మా గట్టి నమ్మకం. ఇంటివాళ్లకి ముందే చెబితే వాళ్లూ స్థిమితంగా ఉంటారు.

బెంగ ఎప్పుడు పడుతుందో కూడా తెలిసి ఉండాలి. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జనీరోలో ఇచ్చిన ఉపన్యాసంలో కల్చర్ షాక్, అంటే కొత్త సంస్కృతిలో పడ్డప్పటి తికమక, దశల్ని వివరించాడు. ముందు అంతా ముచ్చటగా ఉంటుంది, తర్వాత ప్రతిదీ గుచ్చుకుంటుంది, మెల్లగా తేరుకుంటారు, చివరికి కుదురుకుంటారు. 1955లో లిస్‌గార్డ్ అనే పరిశోధకుడు అమెరికా వెళ్లొచ్చిన నార్వే వాళ్లని పరిశీలించి, 6 నెలల్లోపు ఉన్నవాళ్లకంటే, 18 నెలలు దాటి ఉన్నవాళ్లకంటే, మధ్యలోవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారని చెప్పాడు. వాలంటీర్ల అనుభవంలో ఆ గుంట తరచు మూడో నెల నుంచే మొదలవుతుంది. శిక్షణ అయిపోతుంది, తోటివాళ్లు తలో ఊరికీ వెళ్లిపోతారు, చేతిలో పని ఇంకా రూపం దాల్చదు. పన్నెండు గంటలు నిద్రపోవడం, ఇంట్లోంచి కదలకపోవడం, ‘వీళ్లెప్పుడూ ఇంతే’ అనే మాట నోట్లో ఊరికే రావడం దానికి గుర్తులు. ఆ మాట వచ్చినప్పుడు ఎదుటివాళ్లని కాదు, తమ నిద్రని, తిండిని చూసుకోవాలి. రోజుకి ఒక్కసారి ఇల్లు కదిలి, ఒక్క మనిషితో కూర్చుని మాట్లాడి రావాలన్న నియమం పెట్టుకున్నవాళ్లు ఎక్కువమంది ఒడ్డున పడ్డారు.

భాషకి జేబులో పట్టే పుస్తకం, పెన్సిలు. పెన్ను వానకి అలుక్కుపోతుంది. ముందు పలకరింపులు, తర్వాత అంకెలు, తర్వాత ‘దీన్నేమంటారు?’ అన్న ఒక్క వాక్యం. రోజుకి పది మాటల కంటే ఎక్కువ రాసుకుంటే ఏదీ నిలవదు. దిద్దేది పిల్లలే, పెద్దవాళ్లు మొహమాటానికి తప్పుని వదిలేస్తారు.

పని విషయానికొస్తే తొలి మూడు నెలల్లో ఏదీ కట్టకూడదు, ఏదీ ప్రారంభించకూడదు. ఊరంతా నడవాలి. రాబర్ట్ ఛాంబర్స్ లాంటి గ్రామాభివృద్ధి పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన పీఆర్ఏ పద్ధతుల్లో, అంటే ఊరివాళ్లే తమ ఊరి పరిస్థితిని లెక్క తేల్చుకునే పద్ధతుల్లో, ఏడాది క్యాలెండరు చాలా పనికొస్తుంది. నేల మీద 12 గడులు గీసి, ఏ నెలలో పని ఎంతో, జబ్బులెంతో, చేతిలో డబ్బెంతో గులకరాళ్లు పేర్చమనాలి. పని, జబ్బులు రెండూ ఎక్కువగా ఉండి డబ్బు లేని నెలలు కంటికి కనబడతాయి. ఆ నెలల్లో ఏ సమావేశం పెట్టినా ఎవరూ రారు, అది వాళ్ల నిరాసక్తత కాదు. ఇక్కడ వాలంటీర్లు చెడగొట్టేది రాళ్లని తామే సర్దడం మొదలుపెట్టి. పుల్ల, రాళ్లు వాళ్ల చేతుల్లోనే ఉండాలి, మనం వెనక్కి జరిగి కూర్చోవాలి. మగవాళ్లతో ఒకసారి, ఆడవాళ్లతో విడిగా ఒకసారి చేయిస్తే రెండు క్యాలెండర్లూ ఒకేలా ఉండవు. అసలు సంగతి ఆ తేడాలో ఉంటుంది.

చేతిపంపు వేయించినా అంతే. మన దేశంలోనే 1970లలో తయారై ఆఫ్రికా దాకా వెళ్లిన ఇండియా మార్క్ 2 పంపు గట్టిదే, కానీ లోపలి కప్ వాషర్లు అరుగుతూనే ఉంటాయి. వాషర్లు అయిపోతే అంత పంపూ ఇనుప దిమ్మై నిలబడుతుంది. అందుకని వచ్చేసేలోపు పైపులు పైకి లాగి వాషరు మార్చడం కనీసం ఇద్దరు ఊరివాళ్లు తమ చేతులతో చేసి చూపాలి. స్పానర్లు ఎవరింట్లో ఉంటాయో, కొత్త వాషర్లు ఎక్కడ దొరుకుతాయో, డబ్బు ఎవరు పోగు చేస్తారో తేలాలి. ఆ ఇద్దరిలో ఒక ఆడమనిషి ఉంటే పంపు ఎక్కువ కాలం నడుస్తుంది, చెడిన రోజున దూరం నడిచి నీళ్లు మోయాల్సింది ఎక్కువగా వాళ్లే కాబట్టి.

తిరిగొచ్చాక ఇంకో గుంట ఉంటుంది. 1963లో గల్లాహార్న్ అనే పరిశోధక దంపతులు ముందు చెప్పిన దశలకి దాన్ని కూడా చేర్చి చూపారు. ‘ఎలా ఉంది అక్కడ?’ అని అడిగినవాళ్లు రెండు నిమిషాలకి వేరే మాటలోకి వెళ్లిపోతారు. వాళ్ల తప్పేం లేదు. పెద్ద కథ ఎత్తుకోకుండా ఒక మనిషి గురించో ఒక పూట గురించో చెబితే వింటారు. ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుకి ముందు చెప్పాల్సింది ఏ దేశంలో ఉండి వచ్చామన్నది.

అక్కడి నుంచి కదిలేముందు, తర్వాత వచ్చే వాలంటీరు కోసం ఒక నోటుబుక్కు రాసి పెట్టే అలవాటుండేది. ఇప్పుడది తగ్గింది, మళ్లీ రావాలి. అందులో నివేదికల భాష వద్దు. ఏ బావి వేసవిలో ఎండుతుంది, ఇంటి కప్పు ఏ మూల కారుతుంది, బస్సు ఏ రోజు రాదు, మందుల షాపు ఎన్నింటికి మూస్తారు, ఎవరి దగ్గర అప్పు ఉంది, ఎవరికి ఏం ఇస్తామని మాటిచ్చాం, ఏ ఇద్దరు పెద్దల మధ్య మాటల్లేవు, అవన్నీ రాయాలి. ఈమధ్య ఎవరింట్లో ఎవరు పోయారో కూడా రాయాలి, కొత్తగా దిగినవాళ్లు వారంలోపే వెళ్లి పలకరించేలా.